తొమ్మిది చందమామలకు బేరం

యాడికి,
జూన్ 9

జయంతక్కకు,

రెండు నెలల నుంచి మనకు మాటల్లేవు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు కట్ చేస్తావు. మళ్లీ చేస్తే మళ్లీ అరుస్తాను. "ఏమన్నా ఉంటే రాసి పంపురా, రాసేటప్పుడన్నా నీ నోరు మూసుకుంటుంది" అన్నావు. సరే, మూసుకున్నా. ఈ ఉత్తరం చెన్నప్పన్న లారీలో వస్తుంది. మా ఫ్యాక్టరీ బండలు బళ్లారికి వేసుకొని వారం వారం గుంతకల్లు మీదనే పోతాడు. నువ్వు వంట చేసే మెస్సు ముందర బండి ఆపి ఇస్తాడు. ఒక టీ అడుగుతాడు, ఇయ్యి.

నాకొక ఆట కావాల. పేరు 'నైన్ మూన్స్ ఆఫ్ కారా'. కారా అని ఒక పెద్ద గ్రహం, దాని చుట్టూ తొమ్మిది చందమామలు. నువ్వు ఒక ఓడకు కెప్టెన్. తుపాకులుంటాయి, కొట్లాటలుంటాయి. కానీ ఉత్త కొట్లాట కాదు. దారిలో తగిలిన ప్రతి మనిషీ నిన్ను ఏదో ఒకటి అడుగుతాడు. నువ్వు చెప్పే జవాబును బట్టి కథ తిరుగుతుంది. ఆడే మిషన్ నా దగ్గర ఉంది కదా, పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. డిస్కు మాత్రం కొనాల. డిస్కు అంటే నా పది రోజుల కూలి. కవరు చించితే వాపసు లేదు.

కొనాలా వద్దా అని నెట్లో చూస్తే ఒకడు పదికి తొమ్మిది వేస్తాడు, ఇంకొకడు నాలుగు వేస్తాడు. ఏం మార్కులప్పా ఇవి! ఏసీ గదిలో కూచొని, ఊరికే వచ్చిన డిస్కు ఆడి, పళ్లు ఇకిలిస్తా మార్కులు వేస్తారు. పది రోజులు పాలిష్ మిషన్ ముందర తెల్ల బురదలో మోకాళ్ల దాకా నిలబడినోడిని ఎవరన్నా అడిగినారా? నేను తొమ్మిదో తరగతిలో బడి మానుకున్నా. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఈ ఆటల్లో మాటలు చదివి చదివి వచ్చిందే. అట్లాంటోడిని అడగరు.

నాయనను అడిగితే ఎద్దుల సంతలో దళారీ చేసిన కాలం నాటి మాటే చెప్పినాడు. "కొనేటోని కంటికి కుంటెద్దు గూడా గుర్రమే. నీ కన్ను ఇప్పుడు పని చెయ్యదు. ఆ వస్తువు అక్కర లేనోళ్లను పంపి చూపిచ్చు." మన ఇంటి కట్టుబాటు నీకు తెలిసిందే. ఫ్యాను కొన్నా ఉక్కపోయని మనిషి పోయి చూడాల్సిందే.

ఈ భూమ్మీద ఆటలు అక్కర లేని మనిషి ఎవరా అని వెతికితే నువ్వు కనపడినావు. "ఇరవై రెండేళ్లొచ్చినా ఇంకా ఆటలేందిరా" అని కదా నువ్వు ఫోన్ కట్ చేసింది!

మీ స్టేషన్ రోడ్డులో ముఖేష్ అని శెట్ల పిల్లోడు గేమ్ సెంటర్ పెట్టినాడు. కొనే ఆలోచన ఉంటే మొదటి గంట ఊరికే ఆడనిస్తాడు. ఆదివారం మధ్యాహ్నం నీకు మెస్సులో పని ఉండదు. పో. నాయన ఎద్దును చూసినట్టు చూడు. అమ్మేవాని మాట వినొద్దు. నడిపించి చూడు. మీద చెయ్యేస్తే బెదురుతుందేమో చూడు. నీళ్లు పెట్టి చూడు. చూసి ఒక్క మాట రాయి, కొను అనో, వద్దు అనో.

ఒక్కసారి కూడా అరవకుండా రాసిన,
కుళ్లాయప్ప


గుంతకల్లు,
జూన్ 17

కోపిష్టి తమ్మునికి,

వద్దు.

ఒక్క మాట రాయమన్నావు, రాసినా. చెన్నప్పన్న రెండు టీలు తాగి, ఇంకా బండి తీయకుండా నిలబడినాడు కాబట్టి మిగిలింది కూడా రాస్తా.

ఆ కొట్టులో గల్లా దగ్గర ముఖేష్ వాళ్ల అవ్వ శాంతమ్మ కూచొని ఉంటుంది. నన్ను చూసి "ఏం గావాలమ్మా, రీఛార్జా?" అనింది.

"ఆట చూడాల."

"ఎవురికి?"

"మా తమ్మునికి."

"తమ్ముడు యాడ?"

"నేనే చూస్తా."

కుర్చీల్లో ఉన్న మగపిల్లోళ్లంతా గుళ్లోకి గొర్రె వచ్చినట్టు చూసినారు. ముఖేష్ నా చేతికి రిమోట్ ఇచ్చినాడు.

మొదటి చందమామ మీద దిగినా. ఏముందిరా ఆడ? ఎర్ర నేల, గుట్టలు, గాలి, గడ్డిపోచ లేదు. ఇంత దూరం ఓడెక్కి పోతే మళ్లీ మన యాడికేనా అనుకున్నా. ఒక గోడ వెనక్కి పోతే పైపు ఉంది. కీలు దగ్గర నీళ్లు కారతాండాయి. ధారగా. ఒక్కరికీ పట్టలేదు. సిపాయిలు నా మీద కాలుస్తాండారు, నేను పైపు దగ్గర నిలబడి అన్ని గుండీలూ నొక్కుతాండా. పదకొండు సార్లు చచ్చినా. చచ్చిన ప్రతిసారీ మళ్లీ పైపు దగ్గరికే పోయినా. వెనక నుంచి ఒకడు, "అక్కా, అది ఉత్త బొమ్మ, యిడ్సి ముందుకు పో" అన్నాడు. "మీ ఇంట్లో గూడా ఇట్లే యిడ్సిపెడ్తారా?" అన్నా. అంతలో గంట అయిపోయింది.

నీళ్లు పెట్టి చూడమన్నావు, చూసినా. నీళ్ల విలువ తెలియని ఆట. వద్దు.

అయితే ఒక్క గంటతో ఏ ఎద్దునూ తేల్చరు. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూసి చెప్తా. నీ కోసమే.

పని మధ్యలో,
అక్క


యాడికి,
జూన్ 24

అక్కా,

గంటసేపు పైపు మూసినావా! తొమ్మిది చందమామలుంటే, మాట్లాడే ఓడ ఉంటే, పన్నెండు రకాల తుపాకులుంటే, నువ్వు పోయి పైపు దగ్గర నిలబడినావా! ఈ ఆట గురించి నెట్లో మాట్లాడినోళ్లందరినీ నేను చూసినా. ఏ దేశపోడూ ఆ పైపు మాట ఎత్తలేదు. వాళ్లకు అది కనపడనే లేదు. మన ఇంటి మనిషికి అదొక్కటే కనపడింది.

నీ ఉత్తరం ఫ్యాక్టరీలో అన్నం టైములో చదివినా. కోపంతో లేచి నిలబడినా. లేచి ఏం చేసినానో తెలుసా? పాలిష్ మిషన్ మీద కొళాయి ఊరికే పారుతా ఉంటే పోయి కట్టేసి వచ్చినా. అప్పుడు ఇంకా కోపం వచ్చింది.

సందకాడ నాయనకు చదివి వినిపించినా. ఆట మంచిదా చెడ్డదా అని ఆయన అడగలేదు. చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకొని, "మూసిందా?" అన్నాడు.

"ఏంది నాయనా?"

"పైపు. మూసిందా లేదా?"

"మూయలేదు. అది బొమ్మ నాయనా."

"బొమ్మయితే ఏమిరా? పోతాండేది నీళ్లే కదా."

ఇప్పుడు పొద్దున లేస్తానే అదే ప్రశ్న. నేను పనికి పోతాంటే వీధి చివరిదాకా వచ్చి "అక్కకు ఫోన్ చేసి అడుగురా" అంటాడు. చెయ్యను. చేస్తే అరుస్తా.

కాబట్టి పో. ముందు ఆ పైపు సంగతి తేల్చు, ఈయన ప్రాణం కుదుటపడుతుంది. తర్వాత కాళ్లు మొక్కుతా, కొట్లాడు. మాట్లాడే చోట తెర మీద మూడు జవాబులు వస్తాయి, ఇంగ్లీషు నీకు చదవను వచ్చు కదా. ఒకటి నొక్కు. ఎదుటోని ముఖం మారుతుందా, లేక ఏది నొక్కినా అదే పాట పాడతాడా, అది చూడు. నాకు కావాల్సింది అదొక్కటే అక్కా. జవాబుకు విలువ ఉందా లేదా. విలువ లేకుంటే ఎన్ని తుపాకులున్నా నాకొద్దు.

పళ్లు కొరుకుతా,
కుళ్లాయప్ప


గుంతకల్లు,
జూలై 22

నాయనకూ, తమ్మునికీ,

పైపు మూసినా.

ఈ మాట ముందు నాయనకు చదువు. ఆయన అన్నం తిన్నాక మిగతాది నువ్వు చదువుకో.

మూడో ఆదివారం మూసినా. ఆ గోడ పక్కన ఇసుకలో చచ్చిపడిన సిపాయి ఒకడున్నాడు. అందరూ వాని తుపాకీ తీసుకొని పోతారంట. నేను వాని సంచి కూడా వెతికినా. అడుగున ఒక పాత పానా ఉంది. దాంతో బిగిస్తే నీళ్లు ఆగినాయి. ఆగంగానే గుట్ట చాటు నుంచి ఒక ముసలామె వచ్చింది. అంతవరకూ ఆ చందమామ మీద సిపాయిలు తప్ప ఇంకొక మనిషే లేదు! ఆమె పైపును తడిమి చూసి, "పన్నెండేళ్లుగా ఎందరో దిగినారు, ఎవరూ ఆగలేదు" అనింది.

ముఖేష్ కుర్చీలో నుంచి దిగ్గున లేచినాడు. ఈ ఆట నూరు గంటలు ఆడినోడు వాడు. "ఈమె యాడుండాది ఇన్ని దినాలు!" అని తల పట్టుకున్నాడు. శాంతమ్మవ్వ గల్లా వదిలి వచ్చి చూసింది. ముసలామె నాకు ఒక కుండ ఇచ్చింది. కుండ దేనికో ఇంకా తెలియదు.

ఇంక అసలు విషయం. కొనొద్దు. నేను రెండు మూడు సార్లు చూసినా అంతే, అయినా తప్పులు కుప్పలుగా ఉన్నాయి. ఆ కెప్టెన్ పిల్ల జడ వేసుకోదు, కొట్లాటలో వెంట్రుకలు కంట్లో పడతాంటాయి. ఓడలో మెకానిక్ ఉన్నాడు, వట్టి సోమరి, మూడుసార్లు చెప్తేగానీ కదలడు. నాలుగో చందమామ మీద ఒక జనరల్ తగులుకుంటాడు, ఆ తర్వాత ఏ చందమామ మీదికి పోయినా వాడే ప్రత్యక్షం. ఎప్పుడూ ఒకటే మాట, "ఇంకొక్క యుద్ధం చెయ్యి, తర్వాత నీకు సెలవు" అని. ఐదో దాంట్లో మందులమ్మేవాడు రెండోసారి పోతే ధర పెంచుతాడు. ఆరో దాంట్లో దూకేటప్పుడు కుడి పక్క గట్టు జారుతుంది, ఎడమ నుంచి దూకాల, అది ఎవరూ చెప్పరు. ఏడో దాంట్లో చీకటి. ఎనిమిది చందమామలు తిరిగినా ఒక్కరు అన్నం తినరు! ఓడలో పొయ్యే లేదు. వీళ్లు ఎట్ల బతుకుతాండారో నాకర్థం కాలేదు. రంగులు బాగాలేవు. పాట బాగాలేదు. రిమోట్ పట్టుకుంటే వేళ్లు నొస్తాయి.

ఖచ్చితంగా తేల్చాలంటే ఇంకొన్ని ఆదివారాలు పడుతుంది. నువ్వు తొందరపడొద్దు.

నీ మేలు కోరే,
అక్క


యాడికి,
జూలై 30

అక్కకు,

ఉత్తరం అందింది. నాయన కడుపు నిండా తిన్నాడు.

నువ్వు చెప్పినంక ఇంకేముంది. అన్ని తప్పులున్న ఆట నాకెందుకు? కొనను. తేలిపోయింది. నా కోసం ఎండలో ఆ కొట్టుకు తిరిగినావు, నీ ఆదివారాలు పాడైనాయి. ఇంక పోవద్దు. ముఖేష్‌కు కూడా చెప్పేయి, మాకు అక్కర లేదని.

హాయిగా పడుకో,
తమ్ముడు


గుంతకల్లు,
ఆగస్టు 6

ఒరేయ్ కుళ్లాయీ,

ఏందిరా అంత తొందర? నువ్వు కోప్పడలేదేమి? జొరమొచ్చిందా?

నేను వద్దన్న మాట నిజమే. కానీ తొమ్మిదో చందమామ ఇంకా చూడలేదు కదా. ఎద్దును కొమ్ముల నుంచి డొక్కల దాకా చూసి, తోక చూడకుండా తిప్పి పంపుతారా ఎవరన్నా? రేపు ఆ తొమ్మిదోదే బ్రహ్మాండంగా ఉందనుకో, నువ్వు బతికినంత కాలం నన్ను తిడతావు. పైగా కుండ సంగతి తేలనే లేదు. నాయన అడిగితే ఏం చెప్తావు?

అట్లని కొనమని చెప్పడం లేదు. అసలు కొనొద్దు. నువ్వు ఈ పక్కకు రావొద్దు కూడా, పాసింజర్‌లో కాలు పెట్టే చోటు లేదు. ఎండకు డిస్కులు వంగిపోతాండాయంట. నువ్వు కొనకుండా, వద్దనకుండా, గమ్మునుండు. చూసేది నేను చూస్తా.

తొందరలో,
అక్క


యాడికి,
ఆగస్టు 19

దొంగ అక్కకు,

ఈ ఉత్తరంలో అరుస్తా. చెవులు మూసుకొని చదువు.

నీ తప్పుల చిట్టా నాయనకు మొత్తం చదివి వినిపించినా. జడ దగ్గర నవ్వడం మొదలుపెట్టినాడు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెరలో మంచం పట్టుకున్నాడు. నీళ్లు తాగి చెప్పినాడు. "ఒకటి రెండు తప్పులు చెప్పేటోడు ఎద్దును చూసినోడు. కొమ్ము నుంచి గిట్ట దాకా ఇరవై తప్పులు చెప్పేటోడు ఎద్దు మీద మనసుపడినోడు. ఇంకొకడు యాడ కొంటాడో అని భయం. సంతలో ఇట్లాంటోళ్లను ఎంతమందిని చూసినా! ఒరేయ్, మీ అక్కకే కావాల ఆ ఎద్దు."

నేను నమ్మలేదు. ఆ ఆదివారమే, అంటే జూలై ఆఖరి ఆదివారం, పాసింజర్ ఎక్కి గుంతకల్లు వచ్చినా. కాలు పెట్టే చోటు బాగానే ఉంది. స్టేషన్ రోడ్డులో మిరపకాయ బజ్జీలు కట్టించుకొని ఆ కొట్టు ముందర నిలబడినా. నేను వచ్చిపోయినాకనే నీకు "కొనను" అని రాసినా. అది ఉచ్చు. నువ్వు రెండు కాళ్లతో దూకినావు.

గాజు తలుపు అవతల నువ్వు. మెస్సులో తలకు కట్టుకునే గుడ్డ అట్లే ఉంది. గోళ్ల సందుల్లో చపాతీ పిండి. పదిమంది మగోళ్లు నీ వెనక ఊపిరి బిగబట్టి నిలబడినారు. తెర మీద జనరల్ వచ్చినాడు, ఏదో అడిగినాడు. మూడు జవాబులు వచ్చినాయి. నువ్వు ఏది నొక్కినావో నాకు కనపడలేదు గానీ వాని ముఖం మాడిన రొట్టె అయింది. గదంతా ఈలలు. నువ్వు కుర్చీలో వెనక్కి వాలి నవ్వినావు.

ఇంట్లో నువ్వు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వే మనిషివి. ఆ పొద్దు నోరంతా తెరిచి నవ్వినావు. నీ పై పన్ను ఒకటి వంకరగా ఉంటుందని ఇరవై రెండేళ్లకు నాకు అప్పుడే తెలిసింది.

లోపలికి రాలేదు. బజ్జీలు ఒక్కడినే తిని తిరిగి వచ్చేసినా.

ఎనిమిదో చందమామ అంటే ఇరవై గంటల ఆట అంట, నెట్లో చూసినా. నువ్వు రెండు మూడు సార్లు చూసినావా! ఆడినందుకు కాదు నా కోపం. వద్దని ఎందుకు చెప్పినావు? రెండు నెలలు ఈడ నేను ఆ ఆట గురించి కలలు కంటాండా. నిజం రాయి. రాయకుంటే ఫోన్ చేస్తా.

బెదిరిస్తా,
కుళ్లాయప్ప


గుంతకల్లు,
ఆగస్టు 27

కుళ్లాయికి,

ఫోన్ చెయ్యొద్దు. రాస్తా.

నువ్వు కొంటే నేను చూడాల్సిన పని అయిపోతుంది. వద్దనుకున్నా అయిపోతుంది. పైపు మూసినప్పటి నుంచి ముఖేష్ నా దగ్గర గంట లెక్క అడగలేదు, తేలేదాకా ఊరికే చూసుకోమన్నాడు. తేలకుండా ఉంటేనే నాకు ఆదివారం. అందుకు.

ఆ మూడు జవాబులు నన్ను పట్టుకున్నాయిరా. మొదటిసారి జనరల్ అడిగి, తెర మీద మూడు వాక్యాలు వచ్చి, నా కోసం ఆగినాయి. ఏం చెయ్యాలో తెలియక రిమోట్ ఒళ్లో పెట్టుకొని కూచున్నా. ఎంతసేపు కూచున్నా వాడు అట్లే చూస్తా నిలబడినాడు. నా జవాబు కోసం ఒక జనరల్ నిలబడినాడు! మెస్సులో నాకుండే జవాబు ఒకటే. "సరే సార్." రామకృష్ణయ్య శెట్టి చెడ్డోడు కాదు, తిట్టడు, కొట్టడు. కానీ ఆయన మాట చివర ప్రశ్న గుర్తు ఉండదు. "జయంతీ, రేపు ముందొస్తావు." "జయంతీ, ఇంకో రెండు కిలోల పిండి కలుపుతావు." నేను సరే సార్.

ఆ ఆటలో నేను మొదటి జవాబు ఒక్కసారి కూడా నొక్కలేదు. అది "మీరు చెప్పినట్టే" అని ఉంటుంది. అన్నీ మూడోవే నొక్కినా. ముఖేష్ అంటాడు, "అక్కా, నువ్వు ఇట్ల మాట్లాడితే ఓడలో ఎవురూ మిగలరు" అని. అందరూ మిగిలినారు. ఆ సోమరి మెకానిక్ కూడా ఇప్పుడు ఒక్క మాటకే లేస్తాడు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా ఆదివారం పోయింది. పోయిన వారం శెట్టి వచ్చి, "ఈ ఒక్క ఆదివారం మధ్యాహ్నం రామ్మా, పెళ్లి ఆర్డరు" అన్నాడు. సరే సార్. నిన్న వచ్చి, "ఆదివారం ఆర్డర్లు బాగా వస్తాండాయి, ఇంక అట్లే చేద్దాం" అన్నాడు. సరే సార్. తుపాకీ ఉంటే జనరల్‌తో ఎదురు మాట్లాడిన దాన్ని, గరిటె పట్టుకొని నిలబడితే నోరు రాలేదు.

కాబట్టి నా చూడటం ముగిసింది. ఇప్పుడు నిజం చెప్తా, రెండు నెలలు ఆలస్యంగా. ఎద్దు మంచిది. నడకుంది. చెయ్యేస్తే బెదరదు. నీళ్లు కారుస్తుంది గానీ మూస్తే ఆగుతుంది. నువ్వు అడిగింది కూడా ఉంది, జవాబుకు విలువ ఉంది. కొనుక్కో. ఆరో దాంట్లో ఎడమ నుంచి దూకు.

తప్పు ఒప్పుకుంటా,
జయంతి


యాడికి,
సెప్టెంబర్ 23

అక్కకు,

నీ సాక్ష్యం చెల్లదు.

నీ "కొను" చదివి నాయన చెప్పిన తీర్పు అది. అక్కర లేనోళ్లు చూసి చెప్పాల కదా. నువ్వు మనసుపడినావు, కాబట్టి నువ్వు చెప్పిన వద్దూ చెల్లదు, కొనూ చెల్లదు. నాకు తల తిరిగింది. "అయితే ఎవరు చూడాల నాయనా? ఇంక ఈ జిల్లాలో ఎవరు మిగిలినారు?" అని అరిచినా. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, "నేను" అన్నాడు.

పోయిన శుక్రవారం ఇద్దరమూ గుంతకల్లు వచ్చినాం. నీకు చెప్పలేదు. చెప్పి ఉంటే పొయ్యి ముందర నిలబడి మమ్మల్ని తలుచుకుంటా చపాతీలు మాడ్చి ఉంటావు. నాయన ఆ కొట్టులో కుర్చీ వద్దని కింద కూచున్నాడు. "నడిపిచ్చు" అన్నాడు. ముఖేష్ నడిపించినాడు. నాయన కొట్లాట చూడలేదు, ఓడ చూడలేదు. పైపు చూపించమన్నాడు. నీ పేరు మీద సేవ్ ఉంది కదా, అందులో మొదటి చందమామకు తిరిగిపోయి చూపించినాడు. మూసే ఉంది. చుక్క కారలేదు. ఇసుక కూడా ఎండిపోయింది. నాయన రెండు నిమిషాలు చూసి, "ఎంత?" అన్నాడు.

"ఫిక్స్‌డ్ రేటు తాతా. కవరు మీదుండాది."

నాయన తువ్వాలు తీసి ముఖేష్ చెయ్యి మీద కప్పి, కింద నుంచి వాని వేళ్లు పట్టుకున్నాడు. ఎద్దుల సంతలో అట్లే కదా బేరం, నోటితో ఒక్క అంకె చెప్పరు, పట్టుకున్న వేళ్లే ధర. ముఖేష్ బిక్కముఖం వేసి, "అవ్వా, ఈ తాత నా చెయ్యి పట్టుకున్న్యాడు!" అన్నాడు.

నాయన పేరు అప్పటికే అడిగి తెలుసుకున్న శాంతమ్మవ్వ గల్లా మూసి వచ్చింది. "వానికేం తెలుసు తిప్పయ్యా, చీటీ చూసి అమ్మేటోడు. మా నాయన నాకు ఏడేళ్లప్పుడే నేర్పిచ్చినాడు. ఇట్ల రా" అని తన చెయ్యి తువ్వాలు కింద పెట్టింది. నాయన సిగ్గుపడినాడక్కా! నా జన్మలో చూడలేదు. ఇద్దరూ పైన ఫ్యాను చూస్తా నిలబడినారు. తువ్వాలు ఒకసారి ఇటు లేచింది, ఒకసారి అటు లేచింది. ఆమె "అబ్బో" అనింది. నాయన "ఊహూ" అన్నాడు. ఆడుకునే పిల్లోళ్లంతా ఆటలు ఆపి తువ్వాలు చూస్తాండారు. చివరికి ఇద్దరూ ఒకేసారి నవ్వినారు. తెగింది. ఎంతకు తెగిందో ముఖేష్‌కూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. తువ్వాలు కింది మాట తువ్వాలు కిందనే. నాయన దుడ్లు ఇచ్చి డిస్కు నా చేతిలో పెట్టి, "మంచి ఎద్దు. ఇద్దరు దున్నుకోండి" అన్నాడు.

ఇప్పుడు నా మాట విను. ఇంటికొచ్చి కొత్తగా మొదలుపెట్టినా. పైపు మళ్లీ కారతాంది, మొదటి నుంచి కదా. నాయన పక్కనే కూచొని ఇంకేదీ ఆడనియ్యలేదు. నాలుగు దినాలూ పని నుంచి రాగానే దాని మీదనే. ముసలామె వచ్చింది, కుండ ఇచ్చింది. నిన్న సెలవు పెట్టి పొద్దున నుంచి కూచొని నాలుగో చందమామ దాకా లాగినా. బో బాగుండాదక్కా! నీ మీద నాకు ఇంకా కోపమే, ఇంత బాగుండేదాన్ని రెండు నెలలు దాచినందుకు.

జనరల్ వచ్చినాడు. "ఇంకొక్క యుద్ధం చెయ్యి, తర్వాత నీకు సెలవు" అన్నాడు. మూడు జవాబులు వచ్చినాయి. నేను నొక్కలేదు. వాని ఎదురుగా పోయే ముందర చేసిన సేవ్ దగ్గరే ఆపేసినా. మిషనూ డిస్కూ గోనెసంచిలో చుట్టి, వేరుశనగ పొట్టు నింపి, చెన్నప్పన్న సీటు వెనక పెట్టినా. ఈ ఉత్తరంతో పాటే వస్తుంది. నీతో గదిలో ఉండే హనుమక్క టీవీకి తగిలించు, ఆమె సీరియల్ టైము వదిలిపెట్టి. రెండు వారాలు నీ దగ్గర, రెండు వారాలు నా దగ్గర. నువ్వు ఆపిన చోట నేను, నేను ఆపిన చోట నువ్వు.

జనరల్ నిలబడి ఉన్నాడు. జవాబు నువ్వు చెప్పు.

కానీ ఒక షరతు. నువ్వు ఆట ఆడేది ఆదివారం మధ్యాహ్నమే. వేరే రోజు ఆడితే ఈ బేరం చెల్లదు. ఆదివారం లేదంటావా? అది నాకు తెలీదు. తువ్వాలు కింద అట్లే తెగింది.

ఈసారి సంతోషంతో అరుస్తా,
కుళ్లాయప్ప


గుంతకల్లు,
అక్టోబర్ 7

తమ్మునికి,

గోనెసంచి అందింది. చెన్నప్పన్న నాలుగు టీలు తాగినాడు, దారంతా మిషన్‌ను ఒళ్లో పెట్టుకొని నడిపినానని చెప్పినాడు. పొట్టు ఇంకా గదిలో ఎగరతానే ఉంది. హనుమక్క తుమ్ముతానే ఉంది.

శనివారం సందకాడ శెట్టి వచ్చినాడు. "జయంతీ, రేపు మధ్యాహ్నం రెండు ఆర్డర్లున్నాయి" అన్నాడు. నేను పిండి కలుపుతాండా. అప్పుడు చూడు, ఆయన తల పక్కన, చిమ్నీ మసి మీద, నాకు మూడు వాక్యాలు కనపడినాయి. ఒట్టు. మొదటిది ఎప్పటిదే. మూడోది నొక్కితే పని పోతుంది. ఆయన నిలబడి ఉన్నాడు. నేను తొందరపడలేదు. జనరలే ఆగినాడు, ఈయన ఆగడా?

రెండోది నొక్కినా.

"ఆదివారం రెండు నుంచి ఐదు దాకా నాకు వేరే పని ఉంది సార్. ఐదుకు వస్తా."

"ఏం పని?"

"ఓడ నడపాల సార్."

శెట్టి నన్ను చూసినాడు. హనుమక్కను చూసినాడు. హనుమక్క ఉల్లిగడ్డల్లో ముఖం దాచుకుంది. "శాంతమ్మ మా మేనత్తే" అన్నాడు ఉన్నట్టుండి. "ఎవురో మెస్సు పిల్ల ఆటలో పైపు మూసిందని మూడు నెలలుగా ఊరంతా చెప్తాంది. నువ్వేనా అది?"

"నేనే సార్."

"అయిదంటే అయిదుకు రావాల" అని వెళ్లిపోయినాడు. అంతేరా! రెండు నెలలు నేను తుపాకులతో నేర్చుకున్నది పిండి చేతులతో అర నిమిషంలో అయిపోయింది. ఆయన పోయినాక నేనూ హనుమక్కా నవ్వి నవ్వి పిండిలో నీళ్లెక్కువ పోసినాం. ఆ రాత్రి మెస్సులో చపాతీలన్నీ దోసెలైనాయి.

ఆదివారం రెండింటికి జనరల్ ముందర కూచున్నా. వానికి మూడోది నొక్కినా. వానికి మూడోదే సరి. ముఖం చూడాల నువ్వు!

మిషన్ ఇంకో ఆదివారం చూసుకొని పంపిస్తా. ఐదో దాంట్లో మందులమ్మేవాని దగ్గర ఆపుతా. వానితో బేరం నాయనను చెయ్యమను. కుండ నీ వాటాకొచ్చినప్పుడు పారెయ్యొద్దు, తొమ్మిదోదాకా భద్రం.

కడుపు పట్టుకొని నవ్వుతా,
కెప్టెన్ జయంతి